పెరటి కోడికి హఠాత్తుగా జబ్బు చేస్తే...

మనుషుల ఆరోగ్యం గురించి ముచ్చటించుకునే ఈ పుటలలో కోడి జబ్బుల ప్రస్తావన ఎందుకని కొందరు పాఠకులకు సందేహం కలగవచ్చు. పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుకునే కుటుంబాలు పల్లెలలోనే కాక పట్టణాల శివార్లలో సైతం నేటికీ ఎన్నో ఉన్నాయి. ఆ కోడి పెట్టిన గుడ్డు పిల్లల కంచంలోకి వస్తుంది. ఆ కోడి తిరిగే వాకిట్లోనే పసిబిడ్డ పాకుతుంది. కనుక కోడి ఆరోగ్యం ఇంటి ఆరోగ్యంలో ఒక భాగమే.

నా వద్దకు అజీర్తికో, కీళ్లనొప్పులకో మందు కోసం వచ్చే గృహిణులలో పలువురు వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "నిన్నటిదాకా బాగానే తిరిగిన పెట్ట ఈ పొద్దున గూట్లోంచి బయటికి రాలేదండీ, ఏమి పెట్టమంటారు?" అని అడుగుతూ ఉంటారు. ఏమి పెట్టాలన్నది రెండవ ప్రశ్న. ఇది ఇంట్లో నయమయ్యే బాధా, ఇంటి వైద్యానికి లొంగని జబ్బా అన్నది మొదటి ప్రశ్న. రోగాలను సాధ్యాలు, అసాధ్యాలు అని ముందుగా విడదీసి చూడమని ఆయుర్వేదం వైద్యునికి బోధిస్తుంది. ఆ వివేకం మనిషి విషయంలో ఎంత అవసరమో పెరటి కోడి విషయంలోనూ అంతే అవసరం. ఆ తేడా తెలుసుకోవడంలో జరిగే ఆలస్యం వల్ల ఒక్కొక్కసారి మంద మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

జబ్బు నిజంగా హఠాత్తుగా వచ్చిందా?

కోడి తన బాధను పైకి కనపడనివ్వదు. నీరసంగా కనిపించిన కోడిని గద్ద ముందుగా గుర్తిస్తుంది, తోటి కోళ్లు సైతం పొడిచి తరుముతాయి. అందువల్ల ఓపిక ఉన్నంతవరకు అది మిగిలిన వాటితో కలిసి తిరుగుతూనే ఉంటుంది. ఇక నిలబడలేని స్థితి వచ్చినప్పుడు మాత్రమే మన కంట పడుతుంది. మనకు హఠాత్తుగా తోచిన జబ్బు చాలా సందర్భాలలో నాలుగైదు రోజుల క్రితమే మొదలై ఉంటుంది.

ఆయుర్వేద గ్రంథాలలో పక్షులను వర్గాలుగా విభజించినప్పుడు కోడిని 'విష్కిర' వర్గంలో చేర్చారు. కాళ్లతో చెదరగొట్టి, ఏరుకొని తినేది అని ఆ మాటకు అర్థం. ఆరోగ్యానికి ఇంతకంటే చక్కని గుర్తు మరొకటి లేదు. ఉదయం గూడు తెరవగానే బయటికి ఉరికి, కాళ్లతో నేలను గీరుతూ గింజలు ఏరుకునే కోడి ఆరోగ్యంగా ఉన్నట్లే. నేల గీరడం మానిన కోడిని ఆ పూటే పట్టి చూడాలి. గూడు తెరిచేటప్పుడు రెండు నిమిషాలు నిలబడి చూసే అలవాటు సగం వైద్యంతో సమానం.

రోగిని దర్శనం, స్పర్శనం, ప్రశ్న అనే మూడు విధాల పరీక్షించాలని మన శాస్త్రం చెబుతుంది. కోడికి కూడా ఇదే క్రమం పనికివస్తుంది.

దర్శనం: కంటితో చూడవలసినవి

కోడిని వెంటనే పట్టుకోక, ముందు దూరంగా నిలబడి గమనించండి. ఈకలు ఉబ్బించి, మెడను భుజాలలోకి ముడుచుకొని, కళ్లు మూసి కునుకుతున్నదంటే ఏదో ఒక జబ్బు ఉన్నదని నిశ్చయించుకోవచ్చు. ముక్కు తెరిచి, మెడ చాచి, శబ్దం చేస్తూ గాలి పీలుస్తున్నదా చూడండి. ఎండలో పరుగెత్తని సమయంలో కోడి ముక్కు మూసుకునే శ్వాసిస్తుంది.

తరువాత కోడిజుట్టు రంగు చూడాలి. పెట్టలలో గుడ్లు పెట్టే కాలంలో అది నిండు ఎరుపుగా ఉంటుంది. పాలిపోతే రక్తహీనత, లోపలి పురుగులు, రక్తం పీల్చే గోమార్లు వంటివి కారణం కావచ్చు. నీలంగా లేక నల్లగా మారితే శ్వాసకో, రక్తప్రసరణకో అడ్డు ఏర్పడిందని అర్థం. ఇది ప్రమాద సూచన.

రెట్టను కూడా పరిశీలించండి. గట్టిగా, గోధుమరంగులో ఉండి పైన తెల్లని పొర ఉన్న రెట్ట సహజమైనది. రోజులో కొన్నిసార్లు జిగురుగా, ముదురు గోధుమరంగులో, దుర్వాసనతో పడే రెట్ట కూడా సహజమే. దానిని చూసి భయపడవలసిన పని లేదు. ఆకుపచ్చగా, తెల్లగా నీళ్ల విరేచనం అవుతున్నా, రక్తం పడుతున్నా ఉపేక్షించరాదు.

జబ్బు కానివాటిని జబ్బుగా భ్రమించకుండా ఉండడమూ అవసరమే. పొదుగుకు వచ్చిన పెట్ట రోజంతా గూట్లోనే కూర్చుంటుంది, తిండి తగ్గిస్తుంది, ఈకలు ఉబ్బిస్తుంది. చేయి దగ్గరకు పెడితే గుర్రుమని పొడవడానికి వస్తుంది. జబ్బుపడ్డ కోడికి ఆ కోపం ఉండదు. ఏటేటా ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే రోజులలో కోడి కళాహీనంగా కనిపించడమూ సహజమే.

స్పర్శనం: చేతితో తాకి తెలుసుకోవలసినవి

ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, చేతులకు తొడుగులు గాని పాలిథిన్ సంచులు గాని వేసుకొని కోడిని నెమ్మదిగా పట్టుకోండి. అయితే ఒకటికి మించి కోళ్లు జబ్బుపడినా, అప్పటికే ఏదైనా హఠాత్తుగా చనిపోయినా పట్టుకునే ప్రయత్నం చేయక నేరుగా పశువైద్యునికి తెలియజేయాలి.

మొదట రొమ్ము మధ్య ఎముకను తడిమి చూడండి. రెండు వైపులా కండ నిండుగా ఉంటే జబ్బు నిజంగానే కొత్తది. ఎముక కత్తి అంచులా చేతికి తగిలితే కోడి వారాల తరబడి చిక్కిపోతూ వచ్చిందన్నమాట. అప్పుడు లోపలి పురుగులు మొదలైన దీర్ఘవ్యాధులను అనుమానించాలి. ఈ ఒక్క పరీక్షతో పశువైద్యునికి ఎంతో ఉపయోగపడే సమాచారం దొరుకుతుంది.

రెండవది, మెడ కింద, రొమ్ముకు పైభాగాన మేత నిలిచే సంచి. రాత్రంతా మేత జీర్ణమై ఉదయానికి అది ఖాళీగా ఉండాలి. తెల్లవారి మేత వేయకముందే అది రాయిలా గట్టిగా ఉన్నా, నీళ్ల తిత్తిలా జారుతూ పుల్లని వాసన వస్తున్నా మేత కిందికి దిగడం లేదని గ్రహించాలి.

మూడవది, తోక కింది భాగం. అక్కడ ఈకలకు రెట్ట అంటుకొని ఎండిపోయిందా, వాపు ఉన్నదా చూడండి. ఈకలు తొలగించి చర్మంపై పేలు, గోమార్లు, గాయాలు ఉన్నాయేమో వెదకండి. ముంగిస, కుక్క, పిల్లి కరిచిన గాట్లు ఈకల చాటున కనపడవు.

కోడి ఒళ్లు వెచ్చగా ఉన్నదని జ్వరంగా భావించకండి. దాని సహజ ఉష్ణోగ్రతే సుమారు 41 డిగ్రీల సెల్సియస్. అది మనకు తీవ్ర జ్వరంతో సమానం.

ప్రశ్న: ఇంటివారిని అడగవలసినవి

కోడి మాట్లాడదు గనుక ప్రశ్నలు మనకు మనమే వేసుకోవాలి. గడచిన మూడు వారాలలో సంత నుండి గాని, బంధువుల ఇంటి నుండి గాని కొత్త కోడి వచ్చిందా? ఇరుగుపొరుగు ఇళ్లలో కోళ్లు చనిపోయాయా? నిన్న పెరట్లో పారవేసిన మిగులు ఏమిటి? చుట్టుపక్కల చేలల్లో పురుగుమందు చల్లారా? ఎలుకల మందు ఎక్కడైనా పెట్టారా? చివరి గుడ్డు ఎప్పుడు పెట్టింది? టీకాలు వేయించారా, ఎప్పుడు? ఈ ప్రశ్నల జవాబులలోనే సగానికి సగం కారణం బయటపడుతుంది.

మొదటి గంటలో చేయవలసినవి

కారణం ఏదైనప్పటికీ మొదటి గంటలో చేయవలసిన పనులు దాదాపు ఒక్కటే. మొట్టమొదట జబ్బు కోడిని మిగిలినవాటి నుండి వేరు చేయాలి. గాలి ఆడే గంప కింద గాని, అడుగున పాత గోనెపట్టా పరిచిన అట్టపెట్టెలో గాని, వంటింటికి, పిల్లలు తిరిగే చోటికి దూరంగా ఉంచాలి. చలికాలంలోనూ వానరోజుల్లోనూ వెచ్చదనం అవసరం. వేసవిలో నీడ, గాలి అవసరం.

తాగడానికి శుభ్రమైన నీరు అందుబాటులో ఉంచండి. విరేచనాలతోనో ఎండతోనో నీరసించిన కోడికి ఒక లీటరు నీటిలో ఒక చెంచా బెల్లం, చిటికెడు మాత్రమే ఉప్పు కలిపి పెట్టవచ్చు. ఉప్పు అంతకు మించరాదు. మేత తినగలిగితే మెత్తగా ఉడికిన నూకలు కొద్దిగా పెట్టండి. ముందు మంచి కోళ్లకు మేత, నీరు పెట్టి, ఆ తరువాతనే జబ్బు కోడి దగ్గరకు వెళ్లండి. తిరిగి వచ్చాక సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కోండి. చెప్పులకు అంటిన రెట్టతో కూడా రోగం ఒక గూటి నుండి మరొక గూటికి చేరుతుంది.

ఇంట్లో సరిదిద్దగలిగినవి

వడదెబ్బ: కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి వగర్చడం ద్వారానే అది వేడిని తగ్గించుకుంటుంది. రోహిణి కార్తె ఎండలలో రెక్కలు విడదీసి వగరుస్తూ చతికిలపడిన కోడిని వెంటనే నీడకు చేర్చి, కాళ్లను, పొట్ట అడుగుభాగాన్ని కుండనీటితో తడిపి గాలి తగలనివ్వండి. మంచునీటిలో ముంచరాదు. బెల్లపు నీరు గాని, పలుచని మజ్జిగ గాని దగ్గర పెడితే కొద్దికొద్దిగా తాగి తేరుకుంటుంది.

గుడ్డు అడ్డుపడడం: పెట్ట నిటారుగా నిలబడి, తోక పైకీ కిందికీ ఆడిస్తూ, మాటిమాటికీ ముక్కుతున్నా గుడ్డు రాకపోతే గుడ్డు లోపల ఇరుక్కున్నట్లు అనుమానించాలి. మోచేతికి హాయిగా తగిలే గోరువెచ్చని నీటిలో పొట్ట మునిగేటట్లు పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టండి. తరువాత తుడిచి ఆరబెట్టి, గుడ్డు వచ్చే ద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట వదలండి. తరచు గుడ్డు కొద్ది గంటలలో బయటపడుతుంది. పొట్టను గట్టిగా నొక్కి గుడ్డును పగులగొట్టే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. పెంకు ముక్కలు లోపల గుచ్చుకుంటే ప్రాణానికే ముప్పు. సాయంత్రానికి కూడా గుడ్డు రాకపోతే పశువైద్యుని సహాయం తప్పనిసరి. ఈ బాధకు సున్నపు ధాతువు లోపం ఒక ముఖ్య కారణం. గుడ్డు పెంకులను ఉడికించి, ఎండబెట్టి, పొడి చేసి మేతతో పాటు ఇస్తూ ఉంటే మంచిది.

మేత సంచి గట్టిపడడం: పొడవాటి గడ్డిపోచలు, దారాలు, పాలిథిన్ ముక్కలు మింగినప్పుడు ఇది వస్తుంది. ఒక పూట మేత ఆపి, నీరు మాత్రం ఉంచండి. ముక్కు అంచున కొద్ది చుక్కల నువ్వులనూనె వేసి, అది మింగాక మేత సంచిని వేళ్లతో సున్నితంగా మర్దన చేయండి. మరునాటికి మెత్తబడకపోతే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. సంచి నీళ్లతిత్తిలా ఉండి పుల్లని వాసన వస్తే మాత్రం ఇంటి ప్రయత్నం వద్దు.

ఉప్పు ఎక్కువ కావడం: మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా జరిగేది, తక్కువగా తెలిసేది ఇదే. ఆవకాయ కలిపిన అన్నం, ఊరగాయ జాడీ అడుగు, ఉప్పుచేప కడిగిన నీరు పెరట్లో పారబోస్తే కోళ్లు ఆత్రంగా తింటాయి. కోడి శరీరం అధిక ఉప్పును తట్టుకోలేదు. విపరీతమైన దాహం, నీళ్ల విరేచనం, తూలిపోవడం దీని లక్షణాలు. ఆ మిగులును వెంటనే తొలగించి, మంచినీటిని ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వాలి. తూలుతున్న కోడిని వైద్యునికి చూపాలి.

ఇంటి వైద్యానికి లొంగనివి

మనవారు కొక్కెర తెగులు అని పిలిచే రాణీఖేత్ వ్యాధి వీటిలో మొదటిది. 1920లలో కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద గుర్తించినందున మన దేశంలో దానికి ఆ పేరు వచ్చింది. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో 1926లో కనిపించినందున అక్కడ న్యూకాసిల్ వ్యాధి అంటారు. ఇది వైరస్ వల్ల కలిగేది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన విరేచనం, గురగురమనే శ్వాస, కాళ్లూ రెక్కలూ చచ్చుపడడం, బతికినవాటిలో మెడ మెలితిరగడం దీని లక్షణాలు. టీకా లేని మందలో ప్రవేశిస్తే కొద్ది రోజులలో మంద అంతా ఖాళీ కావచ్చు.

ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. మూలికలపై నాకున్న గౌరవం అపారం. అయినప్పటికీ కొక్కెర తెగులును నయం చేసే మూలిక గాని, ఇంగ్లీషు మందు గాని లేదు. పసుపు, వెల్లుల్లి, మిరియాలు దంచి పోస్తూ గడిపే రెండు రోజులలో రోగం మిగిలిన కోళ్లకు పాకిపోతుంది. ఆ రెండు రోజులను జబ్బు కోడిని వేరు చేయడానికి, పశువైద్యుని పిలవడానికి ఉపయోగిస్తే మంద మిగిలే అవకాశం ఉంటుంది.

కోళ్ల కలరా రెండవది. రాత్రి బాగున్న కోడి తెల్లవారి చనిపోయి కనిపించడం, జుట్టు నల్లబడడం, పచ్చని విరేచనం దీని గుర్తులు. ఇది బాక్టీరియా వల్ల వచ్చేది గనుక మొదట్లోనే పట్టుకుంటే పశువైద్యుడు ఇచ్చే మందులు పనిచేస్తాయి.

మూడవది రక్త పారుడు. వానాకాలంలో గూటి నేల తడిగా ఉన్నప్పుడు మూడు వారాలు దాటిన పిల్లలలో ఎక్కువ. రెట్టలో రక్తం, పాలిపోయిన ముఖం కనిపిస్తాయి. దీనికి సరైన మందు ఉన్నది. నీటిలో కలిపి ఇస్తే పిల్లలు తేరుకుంటాయి. గూటి నేలను పొడిగా ఉంచడం నివారణోపాయం.

పురుగుమందు తగిలిన కోడి నోట చొంగ కారుస్తూ వణుకుతుంది. దానికి కూడా వైద్యుడే శరణ్యం.

చేయకూడని పనులు

కోడి నోరు తెరిచి కషాయం గాని, నూనె గాని, సారా గాని పోయకండి. దాని గాలిగొట్టం ద్వారం నాలుక వెనుకనే ఉంటుంది. పోసిన ద్రవం నేరుగా ఊపిరితిత్తులలోకి పోయి, జబ్బుతో చావని కోడి మందుతో చస్తుంది. ఇవ్వవలసి వస్తే ముక్కు అంచున చుక్క చుక్కగా వేసి, దానంతట అది మింగేదాకా ఆగాలి. మనుషుల జ్వరపు మాత్రలు, మిగిలిపోయిన యాంటీబయాటిక్ గొట్టాలు ఇవ్వరాదు. పశువైద్యుడు మందు వాడమన్నప్పుడు, ఆ కోడి గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో తప్పక అడిగి తెలుసుకోండి.

అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. "ఎలాగూ చచ్చేదే, చచ్చేలోపు కోసుకుందాం" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఇది పొదుపుగా కనిపించే పెద్ద నష్టం. జబ్బు కోడిని కోసి, ఈకలు పీకి, శుభ్రం చేసేటప్పుడే రోగక్రిములు చేతులకు, కత్తిపీటకు, వంటింటికి చేరుతాయి. దానిని సంతలో అమ్మినా రోగాన్ని మరొక ఇంటికి పంపినట్లే.

మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ ప్రాంతపు కోళ్లలో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలోనూ నిర్ధారణ అయింది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్నారి ఈ వైరస్ సోకి మరణించినట్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలలో తేలింది. మనుషులకు ఇది సోకడం అరుదే. సోకితే మాత్రం తీవ్రం. అందుచేత ఒకేసారి రెండు మూడు కోళ్లు హఠాత్తుగా చనిపోతే వాటిని ఒట్టి చేతులతో తాకక, దగ్గరలోని పశువైద్యశాలకు తెలియజేయండి. సంచార పశువైద్య సేవల ఉచిత ఫోను సంఖ్య 1962. పరీక్షకు నమూనా అవసరమో కాదో వైద్యుడు చెప్పిన తరువాతనే, లోతైన గోతిలో పైన సున్నం చల్లి పూడ్చిపెట్టాలి. కాలువలోనో చెత్తకుప్పపైనో పారవేయరాదు. జబ్బు కోళ్ల మధ్య తిరిగిన తరువాత ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. మాంసం, గుడ్డు పూర్తిగా ఉడికితే ఈ వైరస్ నశిస్తుంది. బలానికని పచ్చిగుడ్డు పాలలో కలిపి తాగే అలవాటు ఉన్నవారు దానిని మానుకోవడం శ్రేయస్కరం.

ముందు జాగ్రత్త

కొక్కెర తెగులుకు మందు లేకపోయినా టీకా ఉన్నది. పిల్లలకు మొదటి వారంలో కంటిలోనో ముక్కులోనో వేసే చుక్కల మందు, ఎనిమిది వారాల వయసులో రెక్క కింద ఇచ్చే సూదిమందు ముఖ్యమైనవి. ఆ తరువాత ఎన్నాళ్లకు తిరిగి వేయించాలో పశువైద్యుడు చెబుతాడు. టీకామందును మంచులో ఉంచి తేవాలి, కలిపిన తరువాత రెండు గంటలలోపు వాడాలి. మన ఇంట్లో నాలుగు కోళ్లే ఉన్నా, వీధిలో నాలుగిళ్లవారు కలిసి ఒకే రోజు వేయించుకుంటే సీసా వృథా కాదు. అప్పటికే జబ్బుపడిన కోడికి టీకా వేయించరాదు.

కొత్తగా తెచ్చిన కోడిని మూడు వారాలు విడిగా ఉంచిన తరువాతనే మందలో కలపండి. సంక్రాంతి రోజులలో పుంజులు ఊరూరా తిరుగుతాయి గనుక ఆ నెలలో ఈ నియమాన్ని మరింత గట్టిగా పాటించాలి. గూటిలో వారానికొకసారి బూడిద మార్చి, పొడి సున్నం చల్లి, నీళ్ల పళ్లెం రోజూ తోమితే రోగాలకు చోటు తగ్గుతుంది.

ఒక గంప, ఒక పాత గోనెపట్టా, ఒక జత చేతి తొడుగులు, కోళ్లకు టీకాలు వేయించిన తేదీలు రాసిన కాగితం, పశువైద్యశాల ఫోను సంఖ్య, వీటిని ఒకచోట ఉంచుకోండి. రేపు ఉదయం గూడు తెరిచినప్పుడు ఒక కోడి బయటికి రాకపోతే, ఏమి పెట్టాలా అని వెదుక్కోకుండా ఏమి చేయాలో తెలిసి ఉంటుంది.